రాణిగారి దినం

కంబదూరు డేరా సినిమాకు గేటు కాసిన ఓబుళేసు గురించి చెప్పాలంటే ముందు అతని నోటి గురించి చెప్పాలి. టిక్కెట్టు చించుతూనే వచ్చినవాళ్లందరినీ ఆటపట్టించేవాడు. లోపల మిషను ఆడించే నాకు సినిమా కంటే అతని మాటలే బాగుండేవి. వానలు లేని ఊరు కాబట్టి మా డేరాకు దిగులే లేదు. వాన పడి ఆట ఆగిందన్న మాట నేనక్కడున్న నాలుగేళ్లలో వినలేదు.

అంత నవ్వించే మనిషి ఇంట్లో మాత్రం రెండు కంచాలు పెట్టుకునేవాడు. భార్య ఆంజినమ్మ చనిపోయి ఏడాది దాటింది. ఆమె దినం నాడు కూడు పెడితే మధ్యాహ్నం దాకా ఒక్క కాకీ ముట్టలేదు. ఆమెకేదో కోరిక మిగిలిపోయిందని ఊరంతా అనుకుంది. ఓబుళేసు అక్క భద్రమ్మ డేరా బయట బొరుగులు అమ్మేది. తమ్ముడు తిండి మానేసి ఆ రెండో కంచంతో మాట్లాడుతూ చిక్కి సగమైపోతున్నాడని నా దగ్గర ఏడ్చేది.

"వాడు గూడా ఆ పిల్లెంట పోతాడేమోనప్పా" అనేది.

అరవై రెండు ఎండాకాలంలో మాకొక దయ్యం సినిమా వచ్చింది. రాణి చనిపోతుంది. రాజు ఆమె గదికి తాళం వేసుకుని రోజూ పేరు పెట్టి పిలుస్తాడు. ఆమె తెల్లచీరలో వచ్చి ఏడుస్తుంది. చివరకు కోట తగలబడి ఆయనా పోతాడు. మొదటి రోజు జనం హడలిపోయారు. రెండో రోజు ఆడవాళ్లు తీరిగ్గా ఆలోచించి తప్పెక్కడుందో కనిపెట్టారు.

"రాణికి దినం చేసినట్ల యాడా సూపియ్యలేదు" అంది భద్రమ్మ. "కూడు పెట్టకుంటే ఆయమ్మ ఎట్ల పోతాది?"

రాణి మన డేరాలోనే కనబడుతోంది కాబట్టి ఆ పని మనమే చేయాలని తేల్చేశారు. అది బొమ్మేనమ్మా అని నేను చెప్పబోతే, మూడు మైళ్లు నడిచొచ్చి చూసినవాళ్లకా చెబుతున్నావని నన్నే కసిరారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఉత్సాహంగానే ఉంది. మర్నాడు పొద్దున డేరా ముందు విస్తరి వేసి వడలు, పాయసం పెట్టారు. కాకులు దగ్గరికైనా రాలేదు.

భద్రమ్మ తమ్ముణ్ణి పిలిచింది. "రెండాటలూ సూసినావు గదరా. ఆయమ్మకు ఏమిష్టం?"

ఓబుళేసు తడుముకోలేదు. "అంచులు మాడిన జొన్నరొట్టె. దాంట్లోకి ఊరుబిండి. మాడిన ముక్క నాకు పెట్టకుండా దాసుకుంటాండె."

ఆ సినిమాలో రాణి ఎక్కడా ఏమీ తినదు.

"దినం నాడు ఇది మాకెందుకు సెప్పలేదురా?" అని మెల్లగా అడిగింది భద్రమ్మ.

ఓబుళేసు తల వంచుకున్నాడు. "సెప్తే పెడతారు. పెడితే కాకి ముడతాది. ముట్టిందంటే ఇంక నా ఆంజిన ఉండదు గదక్కా."

భద్రమ్మ తిట్టలేదు. పోయి పొయ్యి ముట్టించి, పక్కింట్లో రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి అడిగి తెచ్చి, రొట్టెను కావాలనే మాడ్చింది. విస్తరిలో పెట్టింది మాత్రం ఓబుళేసే. నాలుగడుగులు వెనక్కి వేశాడో లేదో, కాకి వచ్చి రొట్టె ముక్క ఎత్తుకుపోయింది. అతను బావురుమన్నాడు. ఏడుస్తూనే, "ఈపొద్దు గూడా నాకు మాడింది మిగల్చలేదు" అన్నాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వారు. ఆ దినం రాణికి చెల్లిందో ఆంజినమ్మకు చెల్లిందో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం డేరా కిక్కిరిసిపోయింది. రాణి పోయిందో లేదో చూడడానికే వచ్చారంతా. ఆమె మామూలుగానే వచ్చింది. రాజు తలుపు పట్టుకుని పిలవడం మొదలుపెట్టాడు. అప్పుడు గేటు దగ్గర్నుంచి ఓబుళేసు గొంతు డేరా అంతా వినిపించింది.

"ఏమప్పా రాజా, పిలిసింది సాలు. శానా కష్టంగా ఉంటాది గానీ, ఆయమ్మను పోనీ."