రమీజా చేతికొచ్చిన పడవ

గార్లదిన్నెలో రోడ్డు పక్కనున్న నబీ రసూల్ షెడ్డుకు ఫైబర్ పనిలో మంచి పేరు. నీళ్ల ట్యాంకులు, బాత్రూం తలుపులు, ట్రాక్టర్ టాపులు అక్కడే తయారయ్యేవి. ఏళ్ల తరబడి ఫైబర్ దుమ్ము పీల్చి ఆయనకు ఆయాసం పట్టుకున్నాక, గ్రైండర్ కూతురు రమీజా చేతికి వచ్చింది. మొగుడితో తెగతెంపులై పుట్టింటికి చేరిన ఏడాదే ఆమె పని నేర్చుకుంది. ముక్కుకు మాస్కు కట్టుకోనిదే పని ముట్టుకోదు.

ఆ ఎండాకాలం చివర్లో, ఊరికి దగ్గరున్న డ్యాంలో చేపలు పట్టే వీరప్ప తన ఫైబర్ పడవను ట్రాలీలో తెచ్చి షెడ్డు ముందర దించాడు. వానల్లేని ఏళ్లన్నీ అది ఒడ్డున బోర్లా పడి ఎండింది. ఇప్పుడు కాలవ నీళ్లొచ్చి డ్యాం నిండుతోంది. పడవ ఒంటినిండా వెంట్రుకంత సన్నని పగుళ్లు.

"సన్నవేలేమ్మా. పైన రంగు పూసేస్తే సరిపోతాది," అన్నాడు వీరప్ప.

లోపల మంచం మీదున్న నబీ రసూల్ గొంతు పెంచాడు. "పడవ పని మనకొద్దు రమీజా. ట్యాంకు కారితే నీళ్లు పోతాయి. పడవ కారితే మనిషి పోతాడు."

రమీజా పడవ చుట్టూ తిరుగుతూ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూసింది. అంతటా గట్టిగా పలికింది గానీ, ముక్కు కింద ఒకచోట డొల్లగా మోగింది.

"ఈడ యాడన్నా కొట్టుకునిందా మామా?"

"నీళ్లు తక్కువున్నప్పుడు బండకు తగిలింది. లప్పం పెట్టి రంగేసినా," అని ఒప్పుకున్నాడు వీరప్ప.

"మిగతావి పైపూతలో పగుళ్లు. ఇది లోపల పీచు దాకా పోయింది. కోసి కట్టల్ల."

"కోస్తే పడవ మిగుల్తాదా?"

"కోయకపోతే మిగలదు."

నాయన వైపు చూసింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ వద్దనలేదు గనుక పనికి దిగింది.

సన్న పగుళ్లను ఒక్కొక్కటే గ్రైండర్ అంచుతో కాస్త వెడల్పు చేసి, దుమ్ము తుడిచి పూత నింపింది. ముక్కు కింద భాగాన్ని మాత్రం పుచ్చుపన్నులా తొలచవలసి వచ్చింది. లోపలి చెమ్మ ఆరేదాకా ఎండకు వదిలేసి, ఆ తర్వాత గుడ్డలాంటి ఫైబర్ మ్యాట్ ముక్కలను పొరలుగా పరిచి, రెజిన్ జిగురుతో తడిపి, బుడగ మిగలకుండా రోలరుతో నొక్కాలి. మధ్యాహ్నం కలిపిన రెజిన్ ఎండ వేడికి మగ్గులోనే పొగలు కక్కి రాయైపోయింది. దాన్ని అవతల పారేసి, మర్నాడు ఎండ ఎక్కకముందే మళ్లీ కలుపుకుంది.

పని ముగిశాక వీరప్ప ట్రాలీతో వచ్చాడు. రమీజా ఆపింది.

"పడవను నీళ్లలో పెట్టకముందు పడవలో నీళ్లు పెట్టి చూడల్ల మామా."

దిమ్మెల మీద ఎత్తిపెట్టి బిందెలతో నింపారు. ముక్కు కింద పొడిగా ఉంది. వెనకవైపు, పైపూత పగులేనని ఆమె కోయకుండా పూత నింపి వదిలేసిన చోట, ఒక చుక్క ఊరి నేల మీద పడింది.

"తప్పు నాదే," అంది రమీజా. "ఇది గూడా కోయల్ల."

"ఒక్క చుక్కకేనా? ఆడ డ్యాంలో చేపలన్నీ ఇంగొకరు పట్టుకపోతాండారు!" అని విసుక్కున్నాడు వీరప్ప.

నబీ రసూల్ గోడ పట్టుకుని బయటికొచ్చాడు. వంగి, చుక్క పడినచోట వేలితో తడిమాడు. "ఆగు వీరప్పా. అది చెప్పినట్టు చేయనీ," అన్నాడు. ఆ పూట తనే ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుని, కూతురికి మ్యాట్ కత్తిరించి అందించాడు.

పడవను డ్యాంలోకి దించిన రోజు ఆయన కూడా వెళ్లాడు. వీరప్ప తెడ్డు పట్టుకోగానే, "ఉండప్పా, నేనూ ఎక్కుతా," అంటూ సరిగ్గా ముక్కు దగ్గర చతికిలబడ్డాడు. వాళ్లు లోతుకు పోయి తిరిగొచ్చేదాకా రమీజా ఒడ్డు మీద కదలకుండా నిలబడింది.

దిగగానే ఆయన లుంగీ తడిమి చూసుకున్నాడు. "తడవలేదు," అన్నాడు.

అప్పట్నుంచి డ్యాంలోని తక్కిన పడవలూ షెడ్డుకు వస్తున్నాయి. రమీజా మాత్రం ఇంతవరకు ఏ పడవా ఎక్కలేదు. ఆమెకు నీళ్లంటే భయం.