జడ్జిగారి గదిలో పిల్ల చెప్పిన మాట

వదిన పోయిందని నాకు మొదట చెప్పింది జహనుమా నుంచి గాజుల మూట తెచ్చే ఆమె, పిన్నిని పిలిచినట్టు మేమంతా ఖాలా అంటాం. "జల్‌పల్లిల మీ వదినమ్మ పాయెనట బిడ్డా, దినాలు గూడ అయిపోయినయట" అంటూ గడపలోనే కూలబడింది. పూజలో ఉన్నాను, దండం పెట్టబోతే చేతులు రాలేదు.

మా తరంవాళ్ళకు తెలుసు, ఉమ్మడి ఇళ్ళలో పిల్లలు కన్నతల్లిని మిగతావాళ్ళు పిలిచే పిలుపుతోనే పిలిచేవారు. మా అన్న కూతురూ అంతే. మేమంతా రోజంతా వదినా వదినా అంటుంటే విని తల్లిని వదిన అనేది, మేము అమ్మా అని పిలిచే నాయనమ్మను అమ్మ అనేది. మాకది ముద్దుగా ఉండేది, ఎవరమూ మాన్పించలేదు. బడికి పోని నాకు వంటింట్లో పలక మీద అక్షరాలు నేర్పింది ఆ వదినే, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆమె పుణ్యమే.

అన్నకూ ఆమెకూ పొసగక విడాకుల దాకా పోయినప్పుడు, ఆరేళ్ళ పిల్ల ఎవరి దగ్గరుండాలన్నదే పెద్ద లొల్లి అయింది. బిడ్డ మేలే చూస్తామంటూ కోర్టువారు బడి గురించి, ఇంటి గురించి, వండి పెట్టేవాళ్ళ గురించి ఇద్దరినీ అడిగి, చివరికి జడ్జిగారు పిల్లనొక్కదాన్నే తన గదిలో కూర్చోబెట్టుకుని ఎవరి దగ్గరుంటావన్నారట. "అమ్మ కొడ్తది, నేను వదిన దగ్గర్నే ఉంట" అన్నది పిల్ల. కొట్టేది మా అమ్మ. జడ్జిగారేమో కన్నతల్లే కొడుతుందనీ, మా ఇంట్లో వదిన అనే మనిషెవరో పిల్లను ప్రేమగా చూస్తుందనీ అనుకున్నారు.

అది పొరపాటని వదిన వకీలు ఎంత చెప్పినా, ఆ ఇంటివాళ్ళెవరైనా వచ్చి చెబితే వింటామన్నారట జడ్జిగారు. చాంద్రాయణగుట్ట బస్టాపులో వదిన నా చెయ్యి పట్టుకుని, "నువ్వొక్క మాట చెప్పు చెల్లె, పిల్ల నన్నేమని పిలుస్తదో గంతే చెప్పు" అని ఏడ్చింది. ఇంటికొచ్చి ఆ సంగతి ఎత్తితే మా అమ్మ, "ఇల్లిడిచి పోయినదానికి పిల్లెందుకే? జడ్జిసాబుకు మనింటి పిలుపులు తెల్వకపోతే మన తప్పా?" అన్నది. అన్న నవ్వాడు. నేను పోలేదు. పిల్లను అన్నకే ఇస్తూ తీర్పు వచ్చిన రోజు, మా పిల్ల మాకే దక్కిందని కొబ్బరికాయ కొట్టి దేవుడికి దండం పెట్టుకున్నాను. బతుకంతా పెట్టిన దండాల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే.

నెలకు రెండు ఆదివారాలు పిల్లను చూసుకోమని వదినకు చెప్పారు. నిన్ను వద్దనుకునే పోయిందని మా అమ్మ నూరిపోస్తే, కొన్నాళ్ళకు పిల్లే రానని మొండికేసింది. నిన్న ఫోనులో ఆ పిల్లకు అంతా చెప్పాను. "ఆమె ఉన్నప్పుడు చెప్పకపోతివి గదా అత్తా" అన్నది.

ఇప్పుడు కోర్టుల్లో పిల్లలతో మాట్లాడేందుకు వేరే మనుషులుంటారట, బొమ్మలిచ్చి, ఆడించి, నిదానంగా అడుగుతారట, ఎంతో సంతోషం. పిల్లలూ మాటలు రాగానే మమ్మీ అంటున్నారు, మా ఇళ్ళ పిలుపులు పోయాయి. పోవడమే మేలైందనుకుంటాను, అనుకుని మళ్ళీ దిగులుపడతాను. ఇది చదివినవారు దీపం పెట్టేటప్పుడు మా వదినను ఒక్కసారి తలుచుకోండి. అమ్మా అని తలుచుకోండి, ఆ పిలుపు ఆమె ఎన్నడూ వినలేదు.