అబ్దుల్ రెహమాన్ ముందు టైర్లు

మార్కాపురంలో పలకరాయి అమ్మే అబ్దుల్ రెహమాన్ లెక్కలో మనుషులు రెండే రకాలు. తెలివి లేనివాళ్లు, తమకు తెలివి లేదని తెలియనివాళ్లు. మెకానిక్కులందరూ రెండో రకం. వాళ్లలోనూ బామ్మర్ది ఫిరోజ్ పేరెత్తితే చాలు, ఆయన పెదవి దానంతటదే వంకర పోయేది.

అయినా మొన్న వేసవిలో గుంత తగిలినప్పుడల్లా కారు ముందుభాగం దడదడలాడుతుంటే తీసుకుపోయింది ఫిరోజ్ దగ్గరికే. ఫిరోజ్ కారు కింద దూరి ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్ములు, బాల్ జాయింట్లు, స్టీరింగు రాడ్ల చివరలు అన్నీ మార్చాడు. ముందుకు రెండు కొత్త టైర్లు కూడా వేశాడు. చేతులు తుడుచుకుంటూ ఒక మాట చెప్పాడు.

"బావా, ఇట్లనే చక్రాల అలైన్‌మెంట్‌కు పో. డిక్కీలో రాయి దించినాకనే చేయించు."

"సరిచేసే చక్రాలు ముందర. రాయి ఉండేది వెనక. నీకు చదువబ్బలేదని తెలుసు గానీ, ముందూ వెనకా గూడా తెలియదా?"

ఇలాంటివి విని విని అలవాటైన ఫిరోజ్ నవ్వి ఊరుకున్నాడు. తన మాట తనకే బాగా నచ్చి, రెహమాన్ రాత్రి అన్నం తింటూ భార్య పర్వీన్‌కు కూడా చెప్పి నవ్వాడు. అప్పటికే అలైన్‌మెంట్ అయిపోయింది. కంభంలో దించాల్సిన రాయితో వెనక కుంగి, ముక్కు పైకెత్తి ఉన్న కారుకే చేయించాడు. అక్కడి మనిషి సెల్‌ఫోన్లో మాట్లాడుతూనే పని ముగించాడు. అతన్ని కూడా రెండో రకంలో వేసేసి, రెహమాన్ కంభం పోయి రాయి దించి వచ్చాడు. ఆ తర్వాత కారు తిరిగింది ఎక్కువగా ఖాళీగానే.

వానలు మొదలయ్యేసరికి ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగిపోయాయి. బయటినుంచి చూస్తే కొత్తవే. వంగి లోపలికి చెయ్యి పెట్టి ఒకవైపుకు నిమిరితే నున్నగా, ఇంకోవైపుకు నిమిరితే రంపం పళ్లలా ఉన్నాయి.

"నీ తమ్ముడు దొంగ సామాన్లు వేసినాడు," ఇంటికొచ్చి తీర్పు చెప్పాడు రెహమాన్. "వాడు తప్పు ఒప్పుకునేదాకా ఆ గడప నేను తొక్కను. నువ్వూ తొక్కేది లేదు."

"శుక్రవారం సనా నిశ్చితార్థం. మేనత్త లేకుండా ఆ పిల్లకు పూలెవరు పెడతారు?"

"టైర్లు తినే ఇంట్లో పూలేంది?"

పర్వీన్ లేచింది. తమ్ముడి కూతురి నిశ్చితార్థానికి కట్టుకోవాలని బయటికి తీసిన పట్టుచీర మళ్లీ మడతపెట్టి పెట్టెలో వేసింది. రెహమాన్ చూడనట్టు చూశాడు.

గురువారం గిద్దలూరులో ఒక ఇంటికి రాయి చేర్చే పని పడింది. అక్కడి అలైన్‌మెంట్ షాపులో ఫిరోజ్ మోసాన్ని రుజువు చేయించాలని పర్వీన్‌ను సాక్షిగా వెంట తీసుకుపోయాడు. బేస్తవారిపేట దాటినా, కంభం దాటినా నోరు మూయలేదు. తిట్టడానికి ఫిరోజ్ ఒక్కడే చాలక అతని నాయనను, అతనికి పని నేర్పిన గురువును కూడా కలుపుకున్నాడు.

షాపు నడిపే విజయలక్ష్మి టీ తాగుతూ కారు వెనక వైపు చూసింది.

"డిక్కీ ఖాళీ చేయండన్నా. అట్లయితేనే ర్యాంపు ఎక్కిస్తాం."

"మీరంతా ఒకే బళ్లో చదివినారా ఏంది? టైరుకూ రాయికీ ఏం సంబంధం?"

"వెనక బరువు పడితే ముందర లేస్తాది. మూట ఎత్తుకున్నోనికి చొక్కా కొలతలు తీసుకుంటారా అన్నా? మూట దించినాక ఆ చొక్కా ఎట్లుంటాది?"

ఆమె మళ్లీ టీ తాగడంలో పడింది. రెహమాన్ గొణుక్కుంటూ రాయంతా తానే దించాడు. పర్వీన్ కారు దిగి దూరంగా నిలబడింది గానీ, చెయ్యి వేయలేదు.

ర్యాంపు మీద చక్రాలు ఊపి చూశారు, మిషను పెట్టి చూశారు. అంకెలన్నీ తప్పని ఎర్రగా వచ్చాయి.

"సామాన్లు మంచివే. ఎక్కడా వదులు లేదు, బిగించినోడు పనిమంతుడే," అంది విజయలక్ష్మి. "చక్రాలు రెండూ ముందువైపు బయటికి తిరిగినాయి, అందుకే లోపల అరిగింది. పోయినసారి బరువుతోనే చేయించినారా?"

రెహమాన్ గోడమీది క్యాలెండరు చదవసాగాడు.

"చెప్పండి," దూరంనుంచే అంది పర్వీన్. "ముందూ వెనకా తెలుసు గదా మీకు."

అరిగిన టైర్లు అరిగినట్టే ఉన్నా, చక్రాలు సరిచేయించి, రాయి ఆ ఇంట్లో దించాక తిరుగుదారిలో కారు ఎటూ లాగకుండా నేరుగా పోయింది. కంభం దాటాక రెహమాన్ అడిగాడు.

"రేపు ఎన్ని గంటలకు?"

"పదకొండుకు," అంది పర్వీన్. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

శుక్రవారం పర్వీన్ పట్టుచీర కట్టుకుని సనా జడలో పూలు పెట్టింది. రెహమాన్ ఫిరోజ్‌ను ఓ మూలకు పిలిచాడు.

"నీకు పని వచ్చు గానీ చెప్పడం చాతగాదురా. రాయి దించమని గట్టిగా చెప్పాలి గదా."

"ఈసారి గట్టిగానే చెప్తా బావా. చేతులు కడుక్కో, అన్నం తిందువు."

బిర్యానీలో ఉప్పు తక్కువైందని, వండినోడికి నాలుక లేదని రెహమాన్ అందరికీ వినపడేట్టు అన్నాడు. అని, ఇంకొంచెం వడ్డించమని పళ్లెం చాచాడు.