ఎల్లేష్ చూసిన రెండు లోయలు

సరుకు ఓడల్లో వంటవాడిగా ఏళ్ల తరబడి తిరిగిన ఎల్లేష్, నడుము దెబ్బతినడంతో నిరుడు పాతబస్తీలోని ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఓ హోటల్లో రొట్టెలు చేస్తున్నాడు. ఇంటర్ చదివే కూతురు ప్రీతి మాత్రం అతనితో చుట్టపుచూపుగా వచ్చినవాడితో మాట్లాడినట్టే ముక్తసరిగా మాట్లాడేది. ఎందుకని అడగడానికి అతను జంకేవాడు.

ఓ ఆదివారం అతను చపాతీ పిండి కలుపుతుంటే, పరీక్షకు చదువుతున్న ప్రీతి విసుక్కుంది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చే సముద్రపు పాయల్లో రియాకూ ఫియర్డ్‌కూ తేడా ఆమెకు అంతుపట్టడం లేదు. రెండూ తాను చూసినవేనని ఎల్లేష్ మెల్లగా అన్నాడు.

పళ్లెంలో పిండి మందంగా పరిచి, వేలికొనతో గాడి గీశాడు.

"గిది నది కోసిన లోయ. అడుగున సన్నగ, పైన వెడల్పు. సముద్రం పెరిగి లోయలకొస్తె రియా. స్పెయిన్ల చూసిన."

పక్కనే గరిటె వీపును గట్టిగా అదిమి లాగాడు.

"ఫియర్డ్ మంచు చేసిన పని. మంచు లోయ నిండ గడ్డకట్టి, మెల్లగ జారుకుంట అడుగునూ పక్కలనూ గీక్కుంట పోతది. అది కరిగినంక సముద్రం అండ్లకొస్తది. అందుకే గోడలు నిట్టనిలువు."

గరిటె ముందు పోగైన పిండిని చూపించాడు. మంచు మోసుకొచ్చిన రాళ్లు అలాగే కుప్పపడతాయని, అందుకే చాలా ఫియర్డ్‌లు లోపల ఎంతో లోతుగా ఉన్నా మూతి దగ్గర అంత లోతుండవని చెప్పాడు. నార్వేలో ఓడకు దారి చూపడానికి ఎక్కిన ముసలాయన చాయ్ తాగుతూ చెప్పిన సంగతులవి.

ప్రీతి గాడుల్లో నీళ్లు పోసి చూసింది. ఆ కొండలు ఎంత ఎత్తుంటాయని అడిగింది.

"మస్తు ఎత్తు బిడ్డా. మాకు సిగ్నల్ గూడ దొరకలే. నీ చిన్నప్పుడు నీకు డెంగీ వచ్చిందని అమ్మ చెప్పిన రోజే మా ఓడ అండ్లకు పోయింది. ఇంజిన్ చెడిపోయి కొన్ని దినాలు ఆడనే ఆగినం. ఫోన్ పట్టుకొని డెక్ మీద తిరిగిన."

ప్రీతి చేయి ఆగిపోయింది. "ఫోన్ రాకపోయేసరికి నీకు నా ఫికర్ లేదనుకున్న బాపూ," అంది.

ఎల్లేష్ గరిటె పక్కన పెట్టాడు. అప్పట్లో ఓడ ఆ కొండల మధ్య నుంచి బయటికొచ్చాక భార్య కమలకు ఫోన్లో అంతా చెప్పాడు. జ్వరంతో మంచం మీదున్న చిన్నపిల్లకు కూడా చెప్పాలని తోచలేదు.

"నీకు చెప్పాల్సింది. చెప్పలే," అన్నాడు.

ప్రీతి పుస్తకం పక్కనబెట్టి, ఆగిపోయిన ఓడలో అందరికీ ఏం వండిపెట్టావని అడిగింది. అతను చెప్పడం మొదలుపెడితే ఎంతకీ ఆపలేదు. చివరికి కమలే వచ్చి, నీళ్లలో నానిన ఆ పిండి తీసి వేరే పిండి కలుపుకుంది.