తలుపు దగ్గరి ఇటుక

ఏసీ గది తలుపు తెరవగానే ముందు వేడిగాలి తగులుతుంది. దాని వెనకే, కింద ఫుట్‌పాత్ మీద మూకుడులో వేగుతున్న మిర్చీల ఘాటు రెండంతస్తుల మెట్లెక్కి వస్తుంది. మొన్న డెమో క్లాసుకు ముందు తలుపు బార్లా తీసి, కింద ఇటుక అడ్డం పెడుతుంటే ఆ ఘాటుకు దగ్గు వచ్చింది. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి, “సార్, చల్లదనమంతా బయటికి పోతది” అంది. “పోనీ తియ్యమ్మా, చల్లదనమే కద” అన్నాను. ఆ మాట నాది కాదు. గ్రేస్ మేడంది.

అమీర్‌పేటలోని ఆ చిన్న ఇన్‌స్టిట్యూట్‌ను పెట్టింది గ్రేస్ మేడమే. పొద్దున్నే మధురానగర్ నుంచి నడిచి వచ్చేది. కాటన్ చీర, గొలుసుకు వేలాడే కళ్లద్దాలు, పెద్ద గొంతు. నేను ఉద్యోగం కోసం వెళ్లిన రోజున డిగ్రీ పూర్తి కాలేదని ముందే చెప్పేశాను. అకౌంట్లు ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. “శాఖా గ్రంథాలయంలో మేడం” అన్నాను. ఆ మాట అనడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కాలేజీ మానేసిన తర్వాతే నేను నిజంగా చదువుకున్నాను. ఆ పాత చెక్క బల్ల దగ్గర, ఫ్యాను కింద, ఎవరూ పరీక్ష పెట్టకపోయినా చదువుకున్నాను. మేడం “కాలేజీ ఫీజన్న మిగిలింది. ఏదీ, నాకు జర పాఠం చెప్పు” అని మార్కర్ చేతికిచ్చింది. మరుసటి వారం నుంచి నేను ట్రైనర్‌ని.

మా పేటలో కోర్సులో చేరే ముందు మొదటి క్లాసు ఉచితంగా వినవచ్చు. దాన్నే డెమో అంటారు. పిల్లలు నాలుగు చోట్ల విని, నచ్చిన చోట చేరతారు. డెమో చెప్పలేని ట్రైనర్‌కు బ్యాచ్ ఉండదు. నాకు డెమో అంటే పండగలా ఉండేది, ఆ ఎండాకాలం మధ్యాహ్నం వరకు.

ఆ రోజు హాలు నిండిపోయింది. తలుపు మూసి ఏసీ పెంచారు. బోర్డు మీద జమా, ఖర్చు రాస్తుండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. వేళ్లు తిమ్మిరెక్కాయి, గొంతులో గాలి ఆగిపోయినట్టయింది. ఇక్కడే, ఇప్పుడే చచ్చిపోతానని గట్టిగా అనిపించింది. మార్కర్ చేతిలో పట్టుకునే బయటికి నడిచి మెట్ల మీద కూలబడ్డాను. మేడం వచ్చింది. నా పిడికిలి విప్పి మార్కర్ తీసుకుని, లోపలికి వెళ్లి మిగతా డెమో తానే చెప్పింది.

అది మొదటిసారి కాదు. మెట్రోలో అంతకుముందే అలా జరిగింది. గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి, “ఏమీ లేదు, హాయిగా ఉండు” అని పంపాడు. నాకు హాయి కలగలేదు. ఏమీ లేకపోతే ఇంత బాధ ఎక్కడిది? సమాధానం కోసం గ్రంథాలయానికి వెళ్లి, వైద్యం అలమారాలో గుండె గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివాను. ఒక్కో అధ్యాయంలోని జబ్బు ఒక్కో వారం నాకు వచ్చి పోయింది. ఈలోగా నా బతుకు కుంచించుకుపోయింది. మెట్రో మానేశాను, లిఫ్టు మానేశాను. హోటల్‌లో గుమ్మం పక్క కుర్చీ ఖాళీగా లేకపోతే ఆకలితోనే వెనక్కి వచ్చేవాణ్ని. బోనాలకు బల్కంపేట వెళ్దామని మా అక్క అడిగితే జ్వరమని అబద్ధం చెప్పాను. ఇప్పుడు పాఠం కూడా పోయింది. అదొక్కటీ పోతే నాకు ఇంకేమీ మిగలదు.

సాయంత్రం మేడం గదిలోకి వెళ్లి, “రేపటి సంది రాను మేడం. నాకు గుండె జబ్బుంది” అన్నాను.

“ఎవరు చెప్పిండ్రు?”

“పుస్తకంల చదివిన.”

మేడం నవ్వలేదు. “నా క్లాసుల తలుపెప్పుడన్న మూసి ఉన్నదా? నేనెప్పుడన్న తలుపుకు దూరం నిలబడ్డనా?”

ఆలోచించాను. ఎప్పుడూ లేదు. ఆమె క్లాసులో తలుపుకు ఇటుక అడ్డం ఉండేది. గాలి కోసమేమో అనుకున్నాం.

“గాలి కోసం కాదు, నా కోసం. ఆదివారం మా చర్చికి రా. ప్రార్థన చేసి నయం చేస్తననుకోకు. ఊకె కూసోని విను. రాజీనామా సోమవారం ఇద్దువు తియ్యి.”

పంజాగుట్టలో సందు లోపల ఉన్న చిన్న చర్చి అది. చివరి వరుసలో, తలుపు పక్కనే నాకు కుర్చీ వేయించింది. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. కష్టం ఎలా వచ్చిందో, దేవుడు దాన్నెలా తీసేశాడో నిలబడి చెప్పడమే సాక్ష్యం. జబ్బు నయమయ్యాకే ఎవరైనా లేచి చెప్తారు. చివర అందరూ స్తోత్రం అంటారు. మేడం లేచింది.

“నాకు భయం జబ్బున్నది. శానా ఏండ్ల సంది ఉన్నది. గుండెపోటనుకున్న, దయ్యమనుకున్న, నా విశ్వాసం తక్కువనుకున్న. ఆఖరికి మానసిక డాక్టర్ తాన పోయిన. గోలీలు వేసుకుంటున్న, ఆయనతోని మాట్లాడుతున్న. జబ్బు పోలేదు, మస్తు తగ్గింది. ఇప్పుడు సుత కాళ్లు వణుకుతున్నయి. అయినా నిలబడ్డ. గింతే నా సాక్ష్యం.”

నయం కాని జబ్బుకు స్తోత్రం చెప్పాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ముందు వరుసలోని ముసలమ్మ పక్కనున్నావిడను చూసి, “పిల్ల నిలబడ్డది కదనే” అని, గట్టిగా “స్తోత్రం” అంది. తర్వాత అందరూ అన్నారు.

బయట చాయ్ తాగుతుంటే ఒకాయన మేడం పక్కకు చేరి, “ఆ డాక్టర్ ఎక్కడుంటడమ్మా? నాకు కాదు, మా బామ్మర్దికి” అన్నాడు. ఇంకొకావిడ తన తోడికోడలి కోసం అడిగింది. అందరూ వెళ్లాక నేను మేడం దగ్గరికి వెళ్లాను.

“నీకెవరి కోసం? మీ పక్కింటోళ్లకా?” అంది మేడం.

“నాకే” అన్నాను. ఆ ఒక్క మాటతో ఎన్నో నెలల బరువు దిగిపోయింది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

సోమవారం రాజీనామా ఇవ్వలేదు. పంజాగుట్టలోని ఆ డాక్టరు దగ్గరికి మేడం నాతో వచ్చింది. ఆయన నా బాధకు ఒక పేరు చెప్పాడు. ఆ పేరు కింద నా దడ, తిమ్మిరి, తప్పించుకు తిరగడం అన్నీ ఒకచోటికి వచ్చాయి. పారిపోయినకొద్దీ భయం బలుస్తుందని, కొంచెం కొంచెంగా నిలబడి చూడమని చెప్పాడు. మందులు రాశాడు. దారిలో మేడం తన భాషలో చెప్పింది: “మెట్రో గేటు కాడ చెకింగ్ మిషిన్ టిఫిన్ డబ్బకు సుత మోగుతది. మోగుడు నిజమే. గని నువ్వు దొంగవు కావు. డబ్బ చూపియ్యి, ముందటికి నడువు.”

కొన్ని నెలల తర్వాత మళ్లీ డెమోకు నిలబడ్డాను. తలుపుకు ఇటుక ఉంది, చివరి బెంచీలో మేడం ఉంది. సగంలో దడ మొదలైంది. గుమ్మం దాకా వెళ్లి ఆ వేడిగాలిలో, ఆ మిర్చీ ఘాటులో నిలబడ్డాను. గది మొత్తం నన్నే చూస్తోంది. అప్పుడు వెనక నుంచి మేడం గొంతు తాపీగా వినిపించింది: “సార్, గా ఖర్చు లెక్క ఇంకోపారి చెప్పుండ్రి. నాకు సమజ్ కాలె.” పిల్లలు నవ్వారు. నేను బోర్డు దగ్గరికి తిరిగి వెళ్లి మొదటి నుంచి చెప్పాను. ఎక్కడో మధ్యలో దడ తగ్గిపోయింది. ఎప్పుడు తగ్గిందో గమనించలేదు.

మేడం ఇప్పుడు కాజీపేటలో చెల్లెలి దగ్గర ఉంటోంది. ఫోన్ చేస్తే, “ఇటుక ఉన్నదా, అమ్ముకున్నవా?” అని అడుగుతుంది. ఉంది. భయం కూడా అప్పుడప్పుడు వస్తుంది. వచ్చి పోతుంది. గ్రంథాలయంలో ఇప్పుడు దాని పక్క అలమారాలో మనసు గురించి ఉన్న పుస్తకాలు చదువుతున్నాను.

మొన్నటి డెమోలో సగం అయ్యాక, వెనక వరుసలో ఒకావిడ కొంగుతో ముఖం తుడుచుకుని లేచి బయటికి వెళ్లింది. మెట్ల దగ్గర అటూ ఇటూ తిరుగుతున్న ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి వచ్చి కూర్చుంది. నేను ఆమెవైపు చూడలేదు. బోర్డు తుడిచి, “ఈ లెక్క ఇంకోసారి చెప్తాను” అని మొదటి నుంచి మొదలుపెట్టాను.