జడ్చర్లకు పోయిన లింకు

పాస్‌వర్డ్ ఉన్నన్నాళ్లు మా ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మా అత్త పేరు, దాని పక్కన ఇంటి నంబరు. అంతే. నారాయణపేటలో మేం నేసిన చీరలు ఒక వెబ్‌సైట్లో పెట్టి అమ్ముకునేవాళ్లం. ఒకరోజు తెరిచి చూస్తే పాస్‌వర్డ్ గడి మాయం! "ఇక మీకు పాస్‌వర్డ్‌తో పనిలేదు. మీ మెయిల్‌కు లింకు పంపాం" అని ఏదో మహోపకారం చేసినట్టు రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరడిగారు వీళ్లను?

మెయిల్ మా దగ్గరుంటే కదా! ఫోను కొన్ననాడు దుకాణపాయన, "గిది లేకుంటే ఫోను నడువదక్కా" అంటూ తన మెయిల్‌నే అందులో ఎక్కించాడు. మా వాడకట్టులో చాలా ఫోన్లకు ఆయన మెయిలే దిక్కు. సైట్లో చేరినప్పుడూ అదే ఇచ్చాం, దానితో మళ్లీ పని పడుతుందని మాకేం తెలుసు? తర్వాత ఆయన ఆ మెయిల్‌ను మా ఫోన్లోంచి తీసేసి, దుకాణం ఎత్తేసి జడ్చర్లకు పోయాడు. మా ఇంటి తాళంచెవి కూడా ఆయన జేబులోనే పోయినట్టయింది.

గడి మాయమైన ఆ పొద్దుననే సైటు నుంచి నా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. మా దగ్గర ఎర్ర అంచు చీర ఆర్డరు పెట్టిన హైదరాబాదామె ఏదో రాసిందట, చదవాలంటే లాగిన్ కావాలట. మేం ఎనిమిది చీరలకు కలిపి ఒకటే పడుగు, అంటే నిలువు దారాలు, వేస్తాం. అంచు నూలు పడుగులోనే ఉంటుంది, మగ్గానికి అతికించాక మార్చలేం. ఆమె రంగు మార్చమని రాసి ఉంటే ఎనిమిదీ ఆగమే. మా ఆయన నూలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎర్రగనా, పచ్చగనా? జల్ది జెప్పు."

జడ్చర్లకు ఫోను చేశాను. "తమ్మీ, జర గా లింకు పంపు" అన్నాను.

"నేనే ఒత్తి చూసిన అక్కా. మంచిగ తెరుచుకుంది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. అందులో ఏం రాసి ఉందో చదవమనేలోపే గిరాకీ వచ్చిందని ఫోను పెట్టేశాడు.

తర్వాత ఆయన పంపిన లింకు నేను నొక్కితే, దీన్ని ఇప్పటికే వాడేశారు పొమ్మంది. ఇంకొకటి తెప్పించాను. ఆయన గిరాకీలో పడి పంపేసరికి దానికి గడువు దాటింది. సైటు వాళ్లనే అడుగుదామంటే వాళ్లకు ఫోను నంబరే లేదు, మెయిల్ రాయాలట! థూ, మీ తెలివి తగలెయ్య!

"ఇగ కానియ్యి, ఎర్రగనే పెడుతున్న" అన్నాడు మా ఆయన విసిగిపోయి.

నా మనసు ఊరుకోలేదు. మర్నాడు బస్సెక్కి జడ్చర్లకు పోయాను. ఆయన దుకాణంలో పక్కనే కూర్చుని, ఆయన ఫోన్లోనే సైటు తెరిపించి, లింకు రాగానే నొక్కించాను. తెరుచుకుంది.

రంగు మాటే లేదందులో. "చీర మా అమ్మకు. దవాఖానలో ఉంది, ఎక్కువ రోజులు ఉండదంటున్నారు. నారాయణపేట చీర కట్టుకుంటానని అడుగుతోంది. ఏ రంగైనా సరే, నేసి సిద్ధంగా ఉన్నది ఒకటి ఈరోజే పంపండి" అని రాసి ఉంది.

ఇంట్లో నేసిన చీరలు మడతపెట్టి ఉన్నాయి. ఈ మాట అందుంటే నిన్ననే ఒకటి హైదరాబాదు బస్సుకు వేసి పంపేవాళ్లం.

దాని కింద, నేను బస్సెక్కిన పొద్దున రాసిన మరో మాట ఉంది. "ఇక అవసరం లేదండీ."

ఫోను తీసుకుని, తల్లీ మన్నించు, నీ మాట మాకు అందలేదు అని కష్టపడి టైపు చేశాను. పంపు అని నొక్కాను. రాసిందంతా పోయింది. మీ భద్రత కోసం మళ్లీ లాగిన్ అవ్వండి, మీ మెయిల్‌కు లింకు పంపాం అని వచ్చింది.