నీళ్ల కింది మొద్దులు

వికారాబాద్ దగ్గరి ఒక చెరువులో సందర్శకులను పడవ మీద తిప్పడం కృపారాణి పని. ఓ ఆదివారం పడవ అడుగున ఏదో తగిలి, ఒక్కసారిగా ఒరిగింది. ఓ పాప నీళ్లలో పడిపోతే కృపారాణే దూకి పైకి తెచ్చింది. పాప బతికింది గానీ, ఆమెకు మాత్రం కుదురు లేకుండా పోయింది. చెరువు కట్టినప్పుడు మునిగిన చెట్ల మొద్దులు ఇంకా ఎన్ని ఉన్నాయో! ఎండకు నీళ్లు తళతళలాడుతుంటే ఒక్కటీ కనబడదు. నల్లద్దాలు పెట్టుకుంటే చెరువంతా మసకబారింది తప్ప ఆ తళుకు పోలేదు.

సంగతి విని, తాండూరులో ఫొటో స్టూడియో నడిపే నదీం తన కెమెరాకు వాడే పోలరైజర్ ఫిల్టరు పట్టుకొచ్చాడు.

"కంటికి అడ్డం పెట్టి మెల్లగ తిప్పు చెల్లె."

తిప్పుతుంటే ఒకచోట తళుకు ఆరిపోయింది. ఆకుపచ్చటి నీళ్ల కింద నల్లటి మొద్దు కనబడింది.

"గిదేం మాయ నదీమన్నా?"

"మాయ గాదు. నీళ్ల మీద పడి వాలుగ మన దిక్కు తిరిగొచ్చే వెలుతురు ఎక్కువ అడ్డంగనే ఊగుతది. గా ఊపును గీ అద్దం ఆపుతది. నీళ్ల కిందికెల్లి వచ్చేది సగందాకా దాటుతది."

"అయితే నాకియ్యి. ఒక్క మొద్దును గూడ ఇడువ."

నిట్టనిలువుగా కిందికి చూస్తే లాభం లేదనీ, కాస్త దూరం నుంచి ఏటవాలుగా చూడాలనీ ఆమెకు త్వరలోనే తెలిసింది. జనం రాకముందే రోజూ చెరువు గాలించి, మొద్దు ఉన్న చోటల్లా వెదురు గడ పాతి ఎర్రగుడ్డ కట్టింది. తోటి పడవవాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్లే గడలు మోశారు. వేసవి వచ్చేసరికి గడల మధ్య పడవలకు దారి ఏర్పడింది. ఇప్పుడు కొత్తగా ఎవరు పనిలో చేరినా, తెడ్డు చేతికిచ్చే ముందు ఆ దారి చూపించేది కృపారాణే.